మధుమేహపు పిల్లి – గండము గడచిన తరువాత

పిల్లికి మధుమేహమేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చును. చక్కెర జబ్బు మనుష్యులకే వచ్చుననియు, అందులోను తిని కూర్చుండువారికే వచ్చుననియు మనలో చాలమంది నమ్మకము. కాని పిల్లికిని క్లోమగ్రంథి ఉన్నది. ఆ గ్రంథిలో ఇన్సులిన్ పుట్టును. అది చాలనప్పుడు, లేదా శరీరము దాని మాట విననప్పుడు, పిల్లికిని మధుమేహము వచ్చును. బ్రిటనులో భీమా చేయించిన పిల్లులను లెక్కించి 2007లో ప్రకటించిన ఒక పరిశీలనలో సుమారు 230 పిల్లులకు ఒకటి ఈ వ్యాధితో ఉన్నట్లు తేలినది. వయసు మళ్లి, ఒళ్లు బరువెక్కి, ఇల్లు కదలని మగ పిల్లులలో ఇది తరచుగా కనబడును.

ఈ వ్యాధి ముదిరినప్పుడు వచ్చు గండము ఒకటి ఉన్నది. పిల్లి తిండి మానును. వాంతులు చేసికొనును. మూల చేరి కదలక పడియుండును. ఊపిరి లోతుగా, బరువుగా తీయును. నోటినుండి మాగిన పండువంటి వాసన రావచ్చును. దీనిని వైద్యులు కీటోఅసిడోసిస్ అందురు. మనము కీటోను ఆమ్లత అనుకొందము. పశువైద్యశాలలో కొన్ని దినములు ఉంచుకొని, నరములోనికి సెలైను ఎక్కించి, ఇన్సులిన్ ఇచ్చి, రక్తమును మాటిమాటికి పరీక్షించి, బ్రతికిన పిల్లిని ఇంటికి పంపుదురు. పంపునప్పుడు యజమాని చేతికి ఒక చీటీ ఇత్తురు. పన్నెండు గంటలకొకమారు ఇన్సులిన్, తిండి మానరాదు, ఇంటివద్దనే చక్కెర చూడవలెను, కీటోనులు చూడవలెను, పొటాషియము పరీక్షకు మరల రావలెను. చూచుటకు ఇది చిన్న చీటీయే. కాని అందలి ఒక్కొక్క పంక్తిని వ్రాయుటకు శాస్త్రమునకు ఒక తరమో రెండు తరములో పట్టినది. ఆ పంక్తులు ఎట్లు వచ్చినవో తెలిసినచో వానిని ఎందుకు దాటరాదో కూడ తెలియును. ఆ చరిత్రను ఇచ్చట స్థూలముగా చెప్పుకొందము.

తీపి మూత్రము

మధుమేహమను పేరులోనే ఈ వ్యాధి మొదటి చరిత్ర ఇమిడియున్నది. మధువు అనగా తేనె. రోగి మూత్రమునకు చీమలు చేరునని చరకసంహితలో చెప్పబడినది. క్రీ.శ. రెండవ శతాబ్దమున కప్పడోకియాకు చెందిన అరెటేయస్ అను గ్రీకు వైద్యుడు, ఈ రోగమున మాంసమును అవయవములును కరగి మూత్రముగా పోవునని వర్ణించెను. అతడు తీపిని గురించి చెప్పలేదు. రోగి చిక్కిపోవుటను మాత్రము చక్కగా కనిపెట్టెను. 1674లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ రోగి మూత్రము తేనెవలె తియ్యగా ఉండునని వ్రాసెను. 1776లో లివర్‌పూలు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ అట్టి మూత్రమును ఇగిర్చి, మిగిలిన పదార్థము చక్కెరయే అని చూపెను. రక్తరసముకూడ తియ్యగా ఉన్నదని అతడు గమనించెను. అనగా ఆ చక్కెర మూత్రపిండములలో పుట్టినది కాదు, రక్తమునుండి వచ్చినదన్నమాట. 1815లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ ఇది ద్రాక్షచక్కెర, అనగా గ్లూకోజు, అని నిర్ధారించెను.

ఇదంతయు పిల్లికిని వర్తించును. మనిషి రక్తములో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లిగ్రాములు దాటినచో మూత్రములోనికి దిగును. పిల్లి మూత్రపిండములకు ఓర్పు ఎక్కువ. అవి సుమారు 250 మొదలు 290 వరకు పట్టి ఉంచును. ఆ గట్టు దాటిన చక్కెర తనతో నీటినికూడ లాగుకొనిపోవును. నీళ్ల గిన్నె తరచుగా ఖాళీ యగుట, ఇసుక తొట్టిలో పెద్ద పెద్ద తడి గడ్డలు కనబడుట, ఎంత తిన్నను పిల్లి చిక్కిపోవుట – ఇవి మొదటి గుర్తులు.

అయితే శతాబ్దములపాటు అందరి దృష్టియు తీపిమీదనే ఉండుటచేత ఒక ప్రశ్నకు సమాధానము దొరకలేదు. చక్కెర విషము కాదు గదా! మరి రోగి స్పృహ తప్పి ఏల చనిపోవుచున్నాడు?

ప్రాణము తీయునది ఆమ్లము

1857లో ప్రాగ్ నగరమున విల్‌హెల్మ్ పెటర్స్ స్పృహ తప్పిన ఒక మధుమేహరోగి మూత్రములో అసిటోను ఉన్నదని కనుగొనెను. 1865లో కార్ల్ గెర్హార్ట్ అట్టి మూత్రములో ఫెరిక్ క్లోరైడు వేసినచో ఎర్రని రంగు వచ్చునని చూపెను. 1874లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ మరణావస్థలో ఉన్న రోగుల దీర్ఘశ్వాసను వర్ణించెను. గొంతులో ఏ అడ్డును లేదు, ఊపిరితిత్తులలో ఏ జబ్బును లేదు. అయినను రోగి గాలికై ఆరాటపడుచు లోతుగా ఊపిరి తీయుచుండెను. దీనికి కారణము తరువాతి పదేండ్లలో తేలినది. నౌనిన్ అను ఆచార్యుని శిష్యులలో ష్టాడెల్మాన్ 1883లో రోగుల మూత్రములో ఏదో ఆమ్లము మిక్కుటముగా పోవుచున్నదని గుర్తించెను. 1884లో మింకోవ్‌స్కి అది బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లమని తేల్చెను. ఈ స్థితికి అసిడోసిస్ అను పేరు పెట్టినవాడు నౌనిన్.

ఇది జరుగు విధము ఇట్టిది. కణములకు గ్లూకోజు ఇంధనము. కండరములలోనికి ఆ ఇంధనము పోవుటకు ఇన్సులిన్ దారి తీయును. అంతకంటె ముఖ్యముగా, ఒంటిలో నిలువయున్న కొవ్వును అదుపు తప్పి కరగనీయక ఇన్సులిన్ కాపాడును. ఇన్సులిన్ మరీ కొరవడినప్పుడు ఈ కాపుదల పోవును. కొవ్వు ఆమ్లములు వరదవలె రక్తములోనికి వచ్చును. కాలేయము వానిని కీటోనులుగా మార్చును. కొట్టు నిండ కట్టెలుండగా తాళము తీయలేక, ఇంటి వాసములను విరిచి పొయ్యిలో పెట్టుకొన్నట్లుండును ఈ స్థితి. కీటోనులు మూడు: అసిటోను, అసిటో అసిటిక్ ఆమ్లము, బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లము. కడపటి రెండును పేరుకు తగినట్లు ఆమ్లములు. రక్తములోని బైకార్బొనేటు వానిని కొంతవరకు చల్లార్చును. అది తరిగిపోగా, బొగ్గుపులుసు వాయువును ఊపిరితో వెడలగొట్టి ఆమ్లమును తగ్గించుకొనుటకు శరీరము పాటుపడును. కుస్మాల్ చూచిన దీర్ఘశ్వాస ఇదియే.

పిల్లులలో ఈ గండము ఒంటరిగా వచ్చుట అరుదు. క్లోమగ్రంథి వాపో, మూత్రమార్గములో చీమో, కాలేయమునకు కొవ్వు పట్టుటయో దానికి తోడుగా ఉండును. అట్టి జబ్బు వచ్చినప్పుడు పుట్టు హార్మోనులు ఇన్సులినుకు ఎదురు తిరుగును. కాబట్టి పిల్లి ఇంటికి వచ్చిన తరువాత ఆ రెండవ వ్యాధి కుదురుచున్నదా లేదా అని చూచుట చక్కెర చూచుటకంటె తక్కువ పని కాదు.

కీటోనులను ఇంటివద్ద కనిపెట్టుటకు వాడు కాగితపు పట్టీకికూడ ఒక చరిత్ర ఉన్నది. సోడియం నైట్రోప్రుస్సైడు అను లవణము కీటోనులతో ఊదారంగు ఇచ్చునని లెగాల్ 1883లో చెప్పెను. నేటి పట్టీలో ఉన్నదికూడ ఆ రసాయన చర్యయే. అయితే దీనిలో ఒక మెలిక కలదు. ఈ లవణము అసిటో అసిటిక్ ఆమ్లమును పట్టుకొనును గాని బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లమును పట్టుకొనలేదు. గండము తీవ్రముగా ఉన్నప్పుడు రక్తములో ఎక్కువగా ఉండునది ఈ రెండవదే. చికిత్సతో ఇది మొదటిదానిగా మారును. అందుచేత పిల్లి నిజముగా కోలుకొనుచున్న సమయములో పట్టీ రంగు ముదిరి యజమానిని భయపెట్టవచ్చును. అట్లే, వ్యాధి మొదలగునప్పుడు పట్టీ లేతగా ఉండి మోసపుచ్చవచ్చును. రక్తములో బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లమునే కొలుచు చిన్న యంత్రములు ఇప్పుడు లభించుచున్నవి. అవి లేనిచోట పట్టీ రంగునొక్కదానినే నమ్మక, పిల్లి తినుచున్నదా, ఆడుచున్నదా, వాంతి చేసికొన్నదా అనికూడ చూడవలెను.

పిల్లి భయము – పిల్లి చక్కెర

మధుమేహ చరిత్రలో పిల్లికి ప్రత్యేకముగా చెందిన అధ్యాయము ఒకటి ఉన్నది. 1878లో జర్మనులు బోమ్, హాఫ్‌మన్ అనువారు ప్రయోగములకై పిల్లులను బల్లకు కట్టివేసినప్పుడు వాని మూత్రములో చక్కెర కనబడుట చూచిరి. కట్లు విప్పి వదలిన తరువాత అది పోయెను. వారు దీనికి ‘కట్టివేత మధుమేహము’ అని పేరు పెట్టిరి.

ఇది నొప్పివలనా, చలివలనా, భయమువలనా అన్న ప్రశ్న మిగిలినది. 1911లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్, షోల్, రైట్ అను ఇద్దరు సహాయకులతో కలిసి దీనిని పరీక్షించెను. ఏ నొప్పియు కలిగింపక, పిల్లిని పంజరములో ఉంచి, ఎదుట మొరుగు కుక్కను నిలిపిరి. అంతమాత్రమునకే పిల్లి మూత్రములో చక్కెర వచ్చినది. మూత్రపిండములపై నుండు అధివృక్కగ్రంథులను తీసివేసిన పిల్లులు కుక్కను చూచి బెదరినను వానికి చక్కెర రాలేదు. భయము ఆ గ్రంథుల ద్వారా కాలేయములోని చక్కెరను రక్తములోనికి వదలుచున్నదని దీనివలన తేలినది. ఆపదలో పోరుటకో పారిపోవుటకో శరీరము సిద్ధమగునను కానన్ సిద్ధాంతమునకు ఈ ప్రయోగములు ఆధారములైనవి.

ఈ సంగతి మధుమేహపు పిల్లి సంరక్షణలో నేటికిని ముఖ్యమైనది. ఆరోగ్యముగా ఉన్న పిల్లికూడ బుట్టలో కూర్చుండి, వాహనములో ఊగి, ఆసుపత్రిలో కుక్కల మొరుగు విని బెదరినచో దాని చక్కెర 300 దాటవచ్చును. ఆ అంకెనే నిజమని నమ్మి ఇన్సులిన్ పెంచినచో, ఇంటికి వచ్చి నెమ్మదించిన పిల్లికి చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగును. ఇంటివద్దనే, చెవి అంచున చిన్న సూదితో పొడిచి, ఒక బొట్టు రక్తముతో చక్కెర చూడుడని వైద్యులు చెప్పుటకు కారణమిదియే. తనకు అలవాటైన చోట, తినుటకు ఇష్టమైనది ఏదో పెట్టి ఈ పని చేసినచో చాల పిల్లులు కొద్ది దినములలో అలవాటు పడును. రోమములు తీసిన చర్మమునకు అంటించి, రోజుల తరబడి చక్కెరను చూపు పరికరములుకూడ ఈ మధ్య పిల్లులకు వాడుచున్నారు.

ఆకలి వైద్యమునుండి ఇన్సులిన్ వరకు

క్లోమగ్రంథికిని మధుమేహమునకును గల సంబంధము 1889లో స్ట్రాస్‌బుర్గులో బయటపడినది. వాన్ మేరింగ్, మింకోవ్‌స్కి అనువారు ఒక కుక్కకు క్లోమగ్రంథిని తీసివేయగా దానికి తీవ్రమైన మధుమేహము వచ్చెను. ఆ గ్రంథిలో చిన్న చిన్న దీవులవలె ఉండు కణముల గుంపులను పాల్ లాంగర్‌హాన్స్ 1869లోనే చూచియుండెను. వాని పని ఏమిటో అతనికి తెలియలేదు. మధుమేహముతో చనిపోయినవారిలో ఈ పుటికలు చెడియుండుట 1901లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ ఓపీ చూపెను.

మూలము తెలిసినను మందు దొరకలేదు. ఆ నడుమ కాలములో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ఉపవాస వైద్యమును ప్రవేశపెట్టెను. రోగికి తిండి తగ్గించి తగ్గించి, మూత్రములో చక్కెరయు కీటోనులును పోవువరకు కడుపు మాడ్చుట దీని పద్ధతి. ఇది కొందరి ఆయువును నెలలో ఏండ్లో పొడిగించినది. కాని ఆమ్లతనుండి తప్పించుకొన్న పిల్లలు ఆకలితో ఎముకల గూళ్లయి చనిపోవుచుండిరి.

1921 వేసవిలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున బాంటింగ్, బెస్ట్ అనువారు మక్లియడ్ ఆచార్యుని ప్రయోగశాలలో కుక్కల క్లోమగ్రంథినుండి రసము తీసి, మధుమేహము కలిగించిన కుక్కలపై పరీక్షింప మొదలిడిరి. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు ఆ రసమును సూదితో ఎక్కించిరి. అతని బరువు అప్పటికి 30 కిలోగ్రాములకు లోపే. మొదటి మందు శుద్ధమైనది కాకపోవుటచే ఫలితము స్వల్పము. రసాయనజ్ఞుడు కాలిప్ దానిని శుద్ధి చేసిన తరువాత జనవరి 23న మరల ప్రారంభించిరి. ఈమారు చక్కెర తగ్గుటయే కాదు, మూత్రమునుండి కీటోనులు మాయమైనవి. ఆ బాలుడు 1935 వరకు జీవించెను. 1923లో బాంటింగునకు, మక్లియడునకు నోబెల్ బహుమానము లభించెను. బాంటింగ్ తన భాగములో సగము బెస్టునకు, మక్లియడ్ తన భాగములో సగము కాలిపునకు పంచి ఇచ్చిరి.

ఇచ్చట పిల్లి యజమాని గ్రహింపవలసిన నీతి ఒకటి ఉన్నది. చక్కెర జబ్బు గదా అని పిల్లిని పస్తు పెట్టరాదు. మనిషి కొన్ని దినములు ఉపవాసముండగలడు. పిల్లి, అందులోను లావైన పిల్లి, కొద్ది దినములు తినకున్నచో దాని కాలేయమునకు కొవ్వు పట్టి అదియే మరొక గండమగును. గండమునుండి లేచిన పిల్లి తనంతట తినలేనప్పుడు వైద్యులు మెడవద్ద అన్నవాహికలోనికి గొట్టమును అమర్చి ఆహారము పోయుట అందుకొరకే. చూచుటకు అది కఠినముగా ఉన్నను పిల్లికి బాధ తక్కువ, మేలు ఎక్కువ. తరువాతి కాలములో పిండిపదార్థములు తక్కువగను, మాంసకృత్తులు ఎక్కువగను ఉన్న ఆహారము దానికి తగినది. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. పూట తినని పిల్లికి సూది పూర్తిగా మానవలెనా, మామూలు మోతాదే ఇయ్యవలెనా అన్నది యజమాని తనంతట నిశ్చయింపరాదు. తిండి లేక మామూలు మోతాదు ఇచ్చినచో చక్కెర పడిపోవును; సూది పూర్తిగా మానినచో ఆమ్లత తిరిగి వచ్చును. ఆ పూటనే వైద్యునకు తెలుపవలెను.

పొటాషియము, భాస్వరము

ఇన్సులిన్ వచ్చిన తరువాత ఆమ్లతవలని మరణములు ఆగిపోవునని అందరును ఆశించిరి. చాలవరకు తగ్గినవి గాని ఆగిపోలేదు. కొందరు రోగులు చక్కెర తగ్గి, ఆమ్లము తగ్గి, బాగుపడుచున్నారనుకొన్న సమయములో హఠాత్తుగా చనిపోవుచుండిరి. 1933లో అమెరికాలో ఆచ్లీ, లోబ్ మొదలగువారు మధుమేహరోగులకు ఇన్సులిన్ ఆపి, తిరిగి ఇచ్చుచు, వారి శరీరమునుండి ఏయే లవణములు ఎంతెంత పోవుచున్నవో తూచి లెక్క కట్టిరి. చక్కెరతోడను కీటోనులతోడను సోడియము, పొటాషియము మూత్రములో కొట్టుకొనిపోవుచున్నవని తేలినది. 1946లో హాలర్ అను వైద్యుడు, చికిత్స పొందుచున్న రోగికి ఊపిరి తీయు కండరములు చచ్చుబడుటకు కారణము రక్తములో పొటాషియము తగ్గుటయే అని చూపెను.

ఇన్సులిన్ కణములోనికి గ్లూకోజుతోపాటు పొటాషియమునుకూడ పంపును. ఒంటిలో నిలువ తరిగియున్న రోగికి ఇన్సులిన్ ఇచ్చినచో రక్తములో మిగిలిన కొద్ది పొటాషియముకూడ లోపలికి పోవును. కాబట్టి మందే మరియొక ముప్పు తెచ్చును. నేడు సెలైనుతోపాటు పొటాషియముకూడ లెక్క ప్రకారము కలుపుట ఈ పాఠమునుండి వచ్చినదే. ఇంటికి వచ్చిన పిల్లి మెడ ఎత్తలేక గడ్డమును రొమ్మునకు ఆనించి నడచుచున్నచో అది పొటాషియము తక్కువైనదను గుర్తు, ఆలసింపరాదు.

భాస్వరపు కథయు ఇట్టిదే. చికిత్స మొదలిడిన తరువాత రక్తములో భాస్వరము పడిపోయినచో పిల్లి ఎర్ర రక్తకణములు పగిలి రక్తము పలుచనగును. పిల్లి రక్తకణములు కీటోనుల తాకిడికికూడ తేలికగా చెడును. రక్తములో భాస్వరమును కొలుచుటకు దీర్ఘకాలము ప్రయోగశాలలలో వాడుకలో నుండిన పద్ధతి 1925లో ఫిస్కీ, సుబ్బారావు అనువారు ప్రకటించినది. ఆ సుబ్బారావు మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. పిల్లికొరకు కనిపెట్టినది కాదు గాని, ఆమ్లతనుండి లేచిన ప్రాణిని కాపాడుటకు ఏ కొలత కావలెనో అందులో ఒకటి తెలుగువాని చేతినుండి వచ్చినదని చెప్పుకొనుటలో తప్పు లేదు.

మరియొక మార్పు 1970 తరువాతి పదేండ్లలో వచ్చినది. అంతవరకు ఆమ్లతకు దినమునకు వందల యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చుచుండిరి. గంటకు కొద్ది యూనిట్లు నిలకడగా ఇచ్చినను అంతే ఫలితము వచ్చుననియు, చక్కెరయు పొటాషియమును ఒక్కసారిగా పడిపోవు ప్రమాదము తగ్గుననియు తెలిసినది. పశువైద్యులు ఈ పద్ధతిని కుక్కలకును పిల్లులకును అనుసరించిరి. 1980 – 1995 నడుమ చికిత్స పొందిన 42 పిల్లుల వివరములను అమెరికాలో 1997లో ప్రకటించిరి. వానిలో నాలుగింట ఒక వంతుకు దగ్గరగా ఆసుపత్రిలోనే పోయినవి; తక్కినవానిలో చాలవరకు ఇల్లు చేరినవి. ఒకప్పుడు ఆశ లేని స్థితి ఇది. ఇప్పుడు ఆశ ఎక్కువ, అపాయము తక్కువ అనవచ్చును.

పిల్లి ఇన్సులిన్ – పిల్లి ఉపకారము

మొదటి ఇన్సులిన్ పని కొద్ది గంటలే. 1936లో డెన్మార్కులో హాగెడార్న్ ప్రోటమిన్ అను మాంసకృత్తును కలిపి దాని పనిని పొడిగించెను. అదే కాలమున టొరాంటోలో దానికి జింకు చేర్చిరి. మనుష్యులకు ఈ ప్రోటమిన్ జింకు ఇన్సులిన్ వాడుక తగ్గిపోయినను పిల్లులకు మిగిలినది. అట్టి మందు ఒకదానిని పిల్లులకై అమెరికా ప్రభుత్వము 2009లో అనుమతించెను.

ఇంగ్లండులో సాంగర్ 1955 నాటికి ఆవు ఇన్సులిన్ నిర్మాణమును పూర్తిగా విప్పి చూపి 1958లో నోబెల్ బహుమానము పొందెను. ఇన్సులినులో 51 అమైనో ఆమ్లములుండును. పిల్లి ఇన్సులినుకును ఆవు ఇన్సులినుకును భేదము ఒక్క అమైనో ఆమ్లములోనే. మనిషి ఇన్సులినుకును పిల్లిదానికిని భేదము నాలుగింటిలో. అయినను మనిషి ఇన్సులినుకూడ పిల్లికి పని చేయును. 2000లో మనుష్యులకై వచ్చిన గ్లార్జిన్ అను దీర్ఘకాల ఇన్సులిన్ దీనికి మంచి నిదర్శనము. సీసాలో ఇది ఆమ్ల ద్రావణముగా ఉండును. చర్మము క్రిందికి పోగానే ఆమ్లత విరిగి, సూక్ష్మమైన గడ్డలుగా పేరుకొని, మెల్లగా కరగుచుండును. అందుచేతనే దీనిలో నీరు గాని వేరు ఇన్సులిన్ గాని కలుపరాదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు పశువైద్య శాస్త్రజ్ఞులు దీనిని పిల్లులకు వాడి చూచిరి. కొత్తగా వ్యాధి సోకిన 24 పిల్లులను మూడు జట్లుగా చేసి, 2009లో ప్రకటించిన ఫలితములలో, గ్లార్జిన్ జట్టులోని ఎనిమిదింటికి ఎనిమిదియు ఇన్సులిన్ అవసరము లేని స్థితికి వచ్చినవి. అదే సంవత్సరము ప్రకటించిన వేరొక పరిశీలనలో, ఇంటివద్దనే చక్కెర చూచుచు శ్రద్ధగా చికిత్స చేసిన 55 పిల్లులలో, వ్యాధి తెలిసిన ఆరు నెలలలోపల ఈ పద్ధతి మొదలిడినవానిలో నూటికి 84 ఇట్లు ఉపశమనము పొందినవి. ఆలస్యముగా మొదలిడినవానిలో నూటికి 35 మాత్రమే. ఆమ్లత గండమును చూచిన పిల్లులుకూడ ఇట్టి ఉపశమనము పొందగలవని 2008లో స్విట్జర్లాండులోని జూరిక్ శాస్త్రజ్ఞులు చూపిరి. మొదటి నెలల శ్రద్ధకు ఎంత విలువ ఉన్నదో ఈ లెక్కలే చెప్పుచున్నవి.

పిల్లివలన మనిషికి కలిగిన ఉపకారమునుకూడ మరువరాదు. పెద్ద వయసులో మధుమేహము వచ్చిన మనుష్యుల క్లోమ పుటికలలో గాజువంటి పదార్థము పేరుకొనుట ఓపీ కాలమునుండియు తెలిసినదే. అదే విధముగా మధుమేహపు పిల్లి పుటికలలోను పేరుకొనును. 1987లో స్వీడనులో వెస్టర్‌మార్క్ మొదలగువారు మానవ కణితినుండియు, మధుమేహపు పిల్లి క్లోమమునుండియు ఈ పదార్థమును తీసి పరిశీలించి, అది పుటికలు తామే తయారుచేయు ఒక మాంసకృత్తునుండి వచ్చినదని తేల్చిరి. దీనినే అమైలిన్ అందురు. దీని పోలికతో చేసిన మందు 2005లో అమెరికాలో మనుష్యులకు వాడుకలోనికి వచ్చినది.

సూదిని గురించి ఒక మాట. ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలముతోను, 100 యూనిట్ల బలముతోను లభించును. మన దేశములో రెండు రకములును, రెండింటికిని వేర్వేరు సూదులును దుకాణములలో ఉండును. 100 బలము గల మందును 40 గుర్తుల సూదితో తీసినచో యూనిట్ అనుకొన్నది రెండున్నర యూనిట్లగును. ఒకటి రెండు యూనిట్లతో బ్రతుకు పిల్లికి ఇది ప్రాణాంతకము. సీసాపై అంకెయు సూదిపై అంకెయు ఒకటే అని ప్రతిమారు సరిచూచుకొనవలెను.

మాత్రలు – పాత పాఠము మరల

సూది లేకుండ మాత్రతో సరిపెట్టలేమా అని ఎవరైనను అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రను తిరిగి మొదటికి తెచ్చును. 1835లో రసాయనజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడునుండి ఫ్లోరిజిన్ అను చేదు పదార్థమును తీసిరి. 1886లో వాన్ మేరింగ్ దానిని కుక్కలకు ఇచ్చినప్పుడు మూత్రములో చక్కెర విశేషముగా పోయెను. మూత్రపిండములు చక్కెరను తిరిగి పీల్చుకొనకుండ అది అడ్డుపడుటయే కారణము. అదే ఊహతో తయారైన బెక్సాగ్లిఫ్లోజిన్ అను మాత్రను 2022 డిసెంబరులోను, వెలాగ్లిఫ్లోజిన్ అను ద్రవౌషధమును 2023లోను అమెరికా ప్రభుత్వము పిల్లులకు అనుమతించెను.

ఇవి చక్కెరను మూత్రములోనికి పంపి రక్తములో తగ్గించును. కాని ఇన్సులిన్ ఇయ్యవు. పిల్లి ఒంటిలో సొంత ఇన్సులిన్ చాలినంత లేనిచో కొవ్వు కరగుట ఆగదు, కీటోనులు పుట్టుట ఆగదు. అప్పుడు రక్తములో చక్కెర మామూలుగానే ఉండి, యజమాని నిశ్చింతగా ఉండగా, లోపల ఆమ్లత పెరుగును. ఇదివరకు ఇన్సులిన్ పుచ్చుకొన్న పిల్లులకు ఈ మందులు ఇయ్యరాదని అనుమతి పత్రములలోనే హెచ్చరించిరి. ఆమ్లతనుండి లేచిన పిల్లి ఆ జాబితాలోనిదే. 1857లో పెటర్స్ కనుగొన్న సత్యము 2022లోను మారలేదు: చూడవలసినది చక్కెరనొక్కదానినే కాదు.

ఇంట చేయవలసినది

ఈ చరిత్ర అంతటినుండి గండము గడచిన పిల్లికి కావలసిన సంరక్షణను కొద్ది మాటలలో చెప్పవచ్చును. సూది వేళ తప్పరాదు. మోతాదును వైద్యుడు చెప్పక మార్చరాదు. ఇన్సులిన్ సీసాను మంచు పెట్టెలో చల్లగా ఉంచవలెను గాని గడ్డ కట్టనీయరాదు. తిండి, నీరు, మూత్రము, వాంతులు, చక్కెర, కీటోను – వీనిని ఒక పుస్తకములో దినదినము వ్రాయవలెను. వారమునకొకమారు బరువు చూడవలెను. బరువు నిలిచి పెరుగుచున్నచో ఇన్సులిన్ పని చేయుచున్నదన్నమాట. మడమలు నేలకు ఆనించి నడచు పిల్లిని చూచి దిగులుపడ నక్కరలేదు. మధుమేహము నరములను చెరచుటవలన కలుగు ఆ బలహీనత, చక్కెర అదుపులోనికి వచ్చినచో చాలవరకు నెలలమీద మెల్లగా తగ్గును.

పిల్లి తూలుచు, వణకుచు, పిలిచినను పలుకకున్నచో చక్కెర పడిపోయినదని అనుమానింపవలెను. మ్రింగలేని పిల్లి నోటిలో పోయరాదు. చిగుళ్లకు తేనె గాని గ్లూకోజు పాకము గాని రుద్ది వెంటనే వైద్యుని కడకు తీసికొనిపోవలెను. వాంతులతో ఒక పూట తిండి మానినచో, కీటోను పట్టీ రంగు ముదిరినచో, ఊపిరి బరువైనచో తెల్లవారువరకు ఆగరాదు.

సూది పొడిచినప్పుడు చాల పిల్లులు తిండి గిన్నెనుండి తల ఎత్తనైన ఎత్తవు. భయమంతయు మొదటి వారము యజమానిదే. ఆకలితో కృశించిన బిడ్డల ప్రక్కన చేతులు ముడుచుకొని కూర్చున్న 1920 నాటి తల్లిదండ్రులకు లేని మందు, కొలత, తెలివిడి నేడు ఒక పిల్లికొరకుకూడ మన చేతిలో ఉన్నవి. వానిని వేళకు వాడుటయే మిగిలిన పని.